అంగుళంబావు శిలువ

పొద్దంతా కాజీపేట చౌరస్తాల
శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కొడత.
పోయినోళ్ల మొఖాలకు తెలుపు పెంచుడు,
పాస్‌పోర్టు ఫొటోల ఎనుక మబ్బులు పెట్టుడు నా పని.
కోసి పారేసిన సన్‌బోర్డు ముక్కలు
సంచిల ఏసుకొని ఇంటికొస్త.

రాత్రి మేడ మీది అర్రల
అవే సమాధి రాళ్లయితయి.
బ్లేడుతోని అంచులు కొరికి
పాత టూత్‌బ్రష్‌తోని బూడిదరంగు చిలకరిస్త.
పిండి ఎండబెట్టిన చాయపత్తి, రాలిన ఆకులు.
కాలిపోయిన మోటరుల రాగితీగ, మోడు చెట్లు.
ఊదుబత్తి పుల్లల కంచె.
అంగుళం మనిషికి
అంగుళంబావు శిలువ.

ఆదివారం అంజదు, కొమురెల్లి వస్తరు.
లాంతరు పట్టిన వేటగాడు వాళ్లది,
పీనుగులు నావి.
పాచిక మీద ఆరు పడితే
ఒక గోరీ పగుల్తది.

జకరయ్య పెదనాయిన తలుపుకాడ నిలవడి చూసిండు.
నలభై ఏండ్లు ఫాతిమానగర్‌ల
గోరీలకు పేర్లు చెక్కిన చెయ్యి ఆయనది.
తిడతడనుకున్న.
అద్దాలు తీసి లుంగికి తుడుసుకొని
"పోలీసు పరేడా ఇది?
అన్ని రాళ్లు నిటారుగ నిలవెట్టినవ్.
కింద పెట్టె చివుకుతది రా, మన్ను కుంగుతది.
రాయి కాళ్లదిక్కు ఒరుగుతది, పక్కకు గాదు.
కొత్త బొందకు రాయే ఉండదు,
ఒక వానకాలం పోవాలె."

కూసొని ఒక్కొక్క రాయిని
బొటనవేలితోని వొంచిండు.
బంక ఇంకా ఆరలే, మంచిదైంది.

"పిల్లలది ఏది?"
"ఆటల పిల్లలుండరు పెదనాయినా."
"బొందలగడ్డల ఉంటరు."

అంగీ జేబులకెంచి సుద్దముక్క తీసిండు,
రాయి మీద గీతలు గీసే సుద్ద.
బ్లేడు అడిగిండు.
గోరంత రాయి కోసి
గుండుసూదితోని దాని మీద ఏదో రాసిండు.
చేతులు వణుకుతనే ఉన్నయి, సూది వణకలే.
కంచె మూలకు, చెట్టు కింద పెట్టి
మెట్లు దిగి పోయిండు.
భూతద్దం నా పక్కనే ఉండె.
ఎత్తలే.

ఆదివారం ఆరు పడ్డది,
సరిగ్గ ఆ మూలకు.
"ఈ చిన్నది లేస్తదా?" అన్నడు అంజదు.
"లేవది."
"రూలా?"
"రూలే."
కొమురెల్లి ఏం అనలే.
దాని మీద అడుగు పడకుంట
వేటగాన్ని జెర చుట్టు తిప్పి తీస్కపోయిండు,
ఒక ఎత్తు పోగొట్టుకొని.

పది దాటినంక కిందికెంచి కేక:
"ఎవలు గెలిసిన్రు రా?"
"పీనుగులే, పెదనాయినా!"
దగ్గో నవ్వో, శానసేపు ఇనవడ్డది.