బల్ల ఊగింది

బోగాండే కచేరీలో నా బల్లకి మూడే కాళ్లు.
నాలుగోది పాత జనాభా లెక్కల కట్ట.

ఏడాది నివేదిక రాస్తున్నాను:
బావులు, గొర్రెలు, నువ్వుల బస్తాలు,
బడులు (పైకప్పు ఉన్నవి, ఎగిరిపోయినవి).
సుద్దముక్కల కోసం యెంపాబు మాస్టారు
నలభై కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.
సంతకం పెట్టే దొర రాజధానిలో ఉన్నాడు.
చక్రానికి గాలి కొట్టుకుని
వచ్చిన దారినే పోయాడు.

సంతరోజు బడికి ఎవరూ రారు.
నేనూ ఉల్లిపాయలకని వెళ్లాను.
నువ్వుల కాటా దగ్గర
"నలభై ఒకటి" అన్నాడు షావుకారు.
"నలభై ఆరు" అంది హావా తంకోవానో,
మూడో తరగతి, వీపున కట్టుకున్న తమ్ముడు.
షావుకారు నవ్వాడు.
వాళ్లమ్మ చెయ్యి గిల్లింది, ఊరుకోవే అని.
ఊరుకోలేదు.
మళ్లీ తూచాడు.
ముల్లు ఈసారి సిగ్గుపడింది.

హర్మటాన్ దుమ్ము దులుపుకుని
కాగితాల ముందు కూర్చున్నాను.
ఆ రోజుకి మాస్టారి పట్టీలో
హాజరు: సున్నా.
ఆ సున్నా పక్కన ఇంకో గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
ఐదు కిలోలు.

ఏమిటిదని పైవాళ్లు అడిగితే
బల్ల ఊగిందని చెబుతాను.