ఎర్ర చుక్క

ఫ్రెస్నోలో జనవరి పొగమంచు
ట్రక్కు లైట్లని నాలుగడుగుల దగ్గరే మింగేస్తుంది.
తెల్లవారుజామున నాలుగింటికి తాళం తిప్పగానే
బానెట్ కింద బల్లి పలికినట్టు
టిక్కు. టిక్కు. టిక్కు.

మడేరా దాటేసరికి
ఆ బల్లి ఎటో పోయేది.
వెనక మెంతికూర, కొత్తిమీర, నలభై పెట్టెల ముల్లంగి,
సన్నీవేల్ కొట్లు తెరిచేలోగా దింపాలి.
పచేకో కనుమ ఎక్కేటప్పుడు మాత్రం
మళ్ళీ పలికేది,
ఈసారి గొంతు పెంచి.

మొదటి షాపులో నింపమన్న కాగితంలో
ఒక గడి: శబ్దం ఎలాంటిది?
మూడు వేళ్ళంత చోటు.
టకటకా కాదు, లొడలొడా కాదు,
గరగర అసలే కాదు,
చిటపటలో కాస్త బుస కలిసినది.
ఇంగ్లీషులో ఏమనాలో తెలియక
'నాయిస్' అని రాశాను.
చొక్కా మీద బ్రెంట్ అని కుట్టించుకున్నతను
బానెట్ ఎత్తకుండానే తల అడ్డంగా ఊపాడు.
"ఇంజనే పోయింది. ఏడువేల రెండొందలవుతుంది."
ఆ మాటకి ఎక్కడా బల్లి పలకలేదు.
పలికుంటే, అలవాటుగా బల్ల మీద మూడుసార్లు వేలు కొట్టి
సత్యం సత్యం అనుకునేదాన్నేమో.

రెండో షాపు వాళ్ళు మర్యాదస్తులు.
కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు.
కాయిళ్ళు ఎనిమిదీ మార్చాలన్నారు.
బండి అప్పగించే ముందురోజు రాత్రి, ఎందుకో,
ఎందుకో ఏమిటి, ఏడువేల రెండొందలు విన్న చెవులు కదా,
టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
ఒక్కో కాయిలు వెనకా
గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టాను.
దిష్టిచుక్క నల్లగా ఉండాలంటారు.
నా దగ్గరున్నది ఎరుపే.

తొమ్మిది వందల నలభై కట్టి
మలుపు తిరిగాక గ్యాస్ స్టేషన్‌లో ఆపి
బానెట్ ఎత్తాను.
ఎనిమిది చుక్కలూ
పెట్టినవి పెట్టినట్టే
నన్నే చూస్తున్నాయి.

వెనక్కి వెళ్ళాను.
"ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి" అన్నాడొకడు.
నా బొటనవేలు అతని ముందు బల్ల మీద పెట్టాను.
అదే ఎరుపు.
డబ్బు తిరిగి లెక్కపెడుతున్నంతసేపూ
నా గోరుకేసే చూశాడు.
ఈసారి కాఫీ ఇవ్వలేదు.

డబ్బొచ్చింది. బల్లి పోలేదు.

పక్క పొలంలో నిమ్మగడ్డి వేసే నెంగ్ షియాంగ్‌కి
కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది సగం.
నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం మూరెడు కోసి
నా చేతికిచ్చాడు.
ఒక కొస చెవికి, రెండోది ఇంజన్ మీద
వీపు మీద డాక్టరు జరిపినట్టు, మెల్లిగా.
"నాకు వినపడదు. నువ్వే విని చెప్పు."
ఇద్దరికీ సరిగ్గా రాని ఇంగ్లీషులో ఏం చెప్పను?
నోటితోనే చేసి చూపించాను.
ఇక్కడ ఏమీ లేదు.
ఇక్కడ టిక్కు, కొంచెం.
డ్రైవరు వైపు, బాగా వెనక, చెయ్యి దూరని చోట
టిక్‌ఫ్సు, టిక్‌ఫ్సు.
ఆయన నా పెదాలు చూసి నవ్వాడు.
బుగ్గలు పూరించి, నా మొహం మీదే ఊదాడు.
గాలి.

టార్చి వేస్తే
పొగగొట్టాన్ని ఇంజన్‌కి పట్టి ఉంచే బోల్టుల్లో
ఆఖరుదానికి తలకాయ లేదు.
చుట్టూ చెరిగిన కాటుకలా మసి.
చలిలో ఆ సందులోంచి పొగ తప్పించుకునేది,
వేడెక్కాక ఇనుము ఉబ్బి దారి మూసేది,
కనుమ ఎక్కే బరువుకి మళ్ళీ తోసుకొచ్చేది.
ఇదీ, ఏడువేల రెండొందల జబ్బు.

విరిగిన ముక్క ఊడదీయడానికి రెండు రోజులు,
మూడు డ్రిల్ బిట్లు, నా మణికట్టు మీద కాస్త చర్మం,
షియాంగ్ తన భాషలో తిట్టిన తిట్లు.
ఆ తిట్లన్నీ నాకర్థమయ్యాయి.
కొత్త బోల్టు నాలుగు డాలర్లు.

ఇవాళ మళ్ళీ నాలుగింటికి తాళం తిప్పాను.
మంచు. మామూలు రొద.
కనుమ మొదటి మలుపులో
రేడియో కట్టేసి చెవి ఒగ్గాను.
కుడివైపు ఎక్కడో, సన్నగా,
కిర్రుమంటోందా?
లేక ముల్లంగి పెట్టెలేనా.