పైన పడవ ఉంది

ఒంటిమీద ఇనుమేమైనా ఉందా, అని అడిగాను.
నడుముకి సీసం గుళ్ళు కట్టుకునేదాన్ని,
ఇవాళ విప్పి వచ్చాను, అంది బూ ఒక్‌సున్.
డెబ్బై నాలుగేళ్ళు. జెజు దీవి, తూర్పు ఒడ్డు.
చెవుల్లో స్పాంజి దూరుస్తుంటే నవ్వింది:
అరవై ఏళ్ళ నీటి బరువుకి ఇవెప్పుడో పోయాయి,
గట్టిగా చెప్పు అబ్బాయ్, ఏం చెయ్యాలో.

చెయ్యాల్సింది ఒక్కటే.
నేను ఆపమంటే ఊపిరి ఆపాలి,
తీసుకోమంటే తీసుకోవాలి.
గుండె బొమ్మ కుదరాలంటే రొమ్ము కదలకూడదు.
పదిహేను సెకన్లు.

తక్కువనుకోకండి.
పొద్దున వచ్చిన బ్యాంకు మేనేజరు తొమ్మిదికే తేలిపోయాడు.
తడి చేత్తో తుడిచిన సిరాలా వచ్చింది అతని గుండె.
నాలుగుసార్లు తీసి, ఇక చాల్లే అనుకున్నాను.

బల్ల సొరంగంలోకి జరిగింది.
ఆపండి, అన్నాను.
యంత్రం దడదడలాడింది.

పదకొండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను,
ఇంత నిలకడైన గుండెని చూడలేదు.
నాలుగు గదులు, గోడల మందం,
మీగడ మీద గోటితో గీసినట్టు అంచులు.
కవాటం మాత్రం
సున్నం పేరుకున్న చిప్ప.
మూడు రెక్కలూ బిగుసుకుపోయి
మిగిలిన కాస్త సందులోంచి
నెత్తురు తోసుకుంటూ వెళ్తోంది.
ఆమెకి అంత బాగా ఊపిరి బిగబట్టడం రాకపోతే
ఆమె జబ్బు ఇంత అందంగా కనపడేది కాదు.
అందంగా అన్నాను. క్షమించండి.

తీసుకోండి, అన్నాను.

ఊపిరి గీత లేవలేదు.
తీసుకోండమ్మా.
తర్వాతి వరసకి యంత్రం మళ్ళీ అందుకుంది.
ముప్ఫై. నలభై ఐదు.
తెర మీద గుండె కొట్టుకుంటూనే ఉంది, తీరిగ్గా,
ఇంకాస్త తీరిగ్గా.
డెబ్బై దగ్గర నా చెయ్యి ఆపే మీట మీద పడింది.

చప్పుడు తెగింది.
అప్పుడొచ్చింది మైకులోంచి
హ్వీ... అని ఒక ఈల,
పొడుగ్గా, లోపలున్నదంతా ఊడ్చి పారేస్తూ.
నేనూ అప్పుడే ఊపిరి తీసుకున్నాను.

పరిగెత్తి బల్ల లాగాను.
చెప్పాను కదా తీసుకోమని!
పైన పడవ ఉంది కదా, అంది ఆమె,
నేనేదో తెలివితక్కువ మాటన్నట్టు.
ఇంజను తిరుగుతుంటే ఎవరైనా తేలతారా?

పద్దెనిమిది రోజుల తర్వాత ఆపరేషన్.
నేను లేను అక్కడ. పంపు నడిపే మ్యోంగ్ గిచోల్
క్యాంటీన్లో నూడుల్స్ చల్లారబెట్టుకుంటూ చెప్పాడు:
మంచునీళ్ళు పోశారు, మందు ఎక్కించారు,
గుండె నిద్రలోకి జారినట్టు ఆగింది.
సున్నం గీకారు, ఆవు పొరతో చేసిన కవాటం కుట్టారు.
బిగింపు వదిలాక కాసేపు ఊరికే వణికిందట.
తర్వాత ఒకటి.
చాలాసేపటికి ఇంకొకటి.

వార్డుకి వెళ్ళాను. కట్టు మీద చెయ్యేసుకుని కూర్చుంది.
ఎంతసేపు ఆపారు దాన్ని, అని అడిగింది.
ఎనభై రెండు నిమిషాలు, అన్నాను.

వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
తోటి మునకగత్తెల్లో ఎవరికీ చెప్పుకోలేని గొప్ప.
కిటికీకేసి చూసింది, నాకేసి చూసింది.

అంతసేపు అడుగున ఉండి
ఒట్టి చేతులతో పైకొచ్చిందా?