నల్లనూనె లెక్క

రాణిగంజ్‌ల నాలుగు వందల యాభై పెట్టి కొన్న సీసా,
అరచెయ్యంత లేదు.
పాత నూనెల పొయ్యాలె, బండి కదలనియ్యకుండ
పావుగంట ఇంజన్ నడిపి మొత్తం దించెయ్యాలె.
చీటీ మీద బొమ్మ ఉన్నది:
ఇంజన్ ఒక దిక్కు బొగ్గు, ఒక దిక్కు వెండి.
ఆ వెండి దిక్కే చూసుకుంట
భోలక్‌పూర్ దాక వచ్చిన.

నా బండి సంగతి చెప్పాలె.
రెండు లక్షల ఎనభై ఒక్క వేల కిలోమీటర్లు,
అండ్ల మూడో గేరు మొఖం చూసినవి తక్కువ.
మౌలాలి గ్రౌండు చుట్టు చుట్టు,
ధైర్యం వచ్చినోళ్ళతోటి ఈసీఐఎల్ చౌరస్తా దాక.
ఎడమ సీటు కింద నాకొక క్లచ్చి, నాకొక బ్రేకు.
పద్నాలుగేండ్ల సంది
ఎవరెవరి భయమో నా పాదం కిందికొచ్చి ఆగింది.

బస్సు పక్కకొస్తే కండ్లు మూసుకునే బ్యాంకు సుభాషిణి.
పాలు పోసే ఐలేశు, క్లచ్చిని పాలక్యాను లెక్క తన్నెటోడు.
రిటైరైన కంపౌండరు ఒకాయన
గేరు కీచుమన్నప్పుడల్ల
"తప్పయింది తల్లీ" అని స్టీరింగ్‌కు చెప్పెటోడు.
అందరు లైసెన్సులు తీసుకొని పోయిండ్రు.
అరగంట క్లాసులకు కడుపు నిండ వేడెక్కకనే
ఆగిపోయిన ప్రతి పొద్దటి మసి
ఇంజన్‌ల ఉండిపోయింది.

జమాల్ చాచా మూత తిప్పి వేలు పెట్టిండు.
మాడిన బెల్లం పాకం.
రెండు వేళ్ళ నడుమ రాసి, వాసన చూసి,
సీసా నా చేతికే ఇచ్చిండు.

"మొదటి నుంచి పోసుకుంట వస్తే వేరే ముచ్చట, బేటీ.
ఇప్పుడు పోస్తే గోడల మురికంత ఒక్కసారి ఊడుతది,
కింద జాలిల ఇరుక్కుంటది.
నూనె పైకెక్కదు.
ఇగ ఈ సీలు అంటవా, రబ్బరు ఎన్నడో పోయింది.
మురికే సీలై కూసున్నది."

నాకు కోపమొచ్చింది.
మరి పొగ? మరి పొద్దున పొద్దున టపటప సప్పుడు?
స్టార్ట్ చేస్తే చాలు, పక్కింటామె కిటికీ మూస్తున్నది!

ఆయన జవాబియ్యలే.
బిల్లుల మీద బరువుకు పెట్టిన పిస్టన్ చూపిచ్చిండు.
"పోయిన రంజాన్‌ల క్వాలిస్ ఇది. ఓనరు పట్టుబట్టిండు, పోసిన.
ఏం నడిచింది! పిల్లి గురగుర.
ఖుషీగ ఇంకో రెండొందలు చేతిల పెట్టి పోయిండు.
మూడో దినం ఉప్పల్ రోడ్డు మీద
ఎర్రలైటు వెలిగితే చూడలే."
పిస్టన్ పక్కలకు గోళ్ళతోటి గీరినట్టు గీతలున్నయి.
అందరికి గట్లనే అయితదా అంటే
"కాదు" అన్నడు. "కొందరికి ఏం కాదు.
నీది ఎటు దిక్కో నాకెట్ల తెలుస్తది?"

చవక నూనె పోద్దామన్నడు.
వెయ్యి కిలోమీటర్లకు దించుదాం, మళ్ళ పోద్దాం.
"మెల్లగ. ఒక్కసారి ఇడిపియ్యొద్దు."
ఆ మాట నేను రోజుకు నలభై సార్లంట.
ఒకరు నాకు చెప్తుంటే
ఇంత చిరాకుగ ఉంటదని తెల్వదు.

కోసిన డబ్బాలకు నల్లగ, తెగని దారం లెక్క కారింది.
కింద పండుకున్న పోరడు
బోల్టు తుడవబొయ్యి ఆగి, నాకు చూపిచ్చిండు:
కొసకు సన్నటి మెరుపు పొడి.
ఇన్నేండ్లు ఒకదాన్నొకటి రాసుకొని
అరిగిన లోపటి ఇనుము.
చీటీ మీది వెండి నా బండిల
ఇంతనే దొరికింది.

సీసా వాపస్ తీసుకోమన్నడు రాణిగంజోడు.
డ్యాష్‌బోర్డు అరల పడేసిన.

తెల్లారి ఆరుగంటలకు కొత్త పిల్ల, హరిణాక్షి.
క్లచ్చి టక్కున ఇడిచింది. బండి ఎగిరింది.
అరల సీసా దొర్లి డబ్బున తగిలింది.
"ఆంటీ, ఇంజన్‌ల ఏదో ఊడింది!"
ఊడలే.
నా పాదం అప్పటికే బ్రేకు మీదున్నది.
ముందుకు చూడు, అన్న.