తవుడు బాకీ

పేరు పెట్టినప్పుడు ఎవరికీ తోచలేదు.
మోక్షిత. మా ఆయనే సెల్లులో వెతికి ఎంచాడు,
బారసాల నాడు బియ్యంలో వేలితో రాశాడు.
పధ్నాలుగో నెలలో ఒంటి మీద కమిలిన మచ్చలు చూసి
ఎవరు గిల్లారని పక్కింటి పిల్లల్ని తిట్టాను.
ఆ వారంలోనే రక్తం రిపోర్టు పట్టుకుని
ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాక
మా అత్త అప్పయ్యమ్మ ఒక్కటే మాట అంది:
"ఆ పేరుతో పిలవకండి దాన్ని.
మోక్షం ఇప్పుడే ఎందుకు?"

జాలారిపేట నుంచి అగనంపూడికి రెండు బస్సులు.
ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తే దగ్గరికొచ్చినట్టు.
మా ఆయన హార్బర్లో టాలీ క్లర్కు.
ఓడ దిగే బస్తాలకి నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత.
అదే పుస్తకం వెనక పేజీల్లో
పిల్ల తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, జ్వరం.
"బస్తా తగ్గితే మేస్త్రీకి చెప్తాను,
ఇది తగ్గితే ఎవరికి చెప్పాలి" అన్నాడోసారి.
అడిగింది నన్ను కాదు.

కౌంట్ పడిపోయిన రాత్రి
హమాలీలు ఆరుగురు వ్యానెక్కి వచ్చారు,
చొక్కాల మీద ఎరువు దుమ్ముతోనే.
ఇద్దరివి సరిపోయాయి. మిగతా నలుగురూ
తెల్లారేదాకా బయట బల్ల మీద కూర్చున్నారు, ఊరికే.
సంచిలో అది మజ్జిగ తేట రంగులో ఉంది.

మాత్రల ఆకలికి అర్ధరాత్రి లేచి
"పప్పు, పప్పు" అని ఏడ్చేది.
జుత్తు రాలి, బుగ్గలు ఉబ్బి
ఇదెవరి పిల్ల అనిపించి
చీకట్లో చెంపలేసుకున్నాను.

అత్త కొంగున తవుడు ముడేసుకొచ్చింది.
పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డని
ఎవరికో ఇచ్చేసి, చేరెడు తవుడికి తిరిగి కొనుక్కునేవారట.
చావొచ్చి తలుపు కొడితే
"మా పిల్ల కాదు బాబూ, కొన్నది" అనొచ్చు.
ఆవిడ పెద్దన్న అలాగే తవిటయ్య అయ్యాడు,
ఎనభై ఏళ్లు చుట్ట కాల్చాడు.

అద్దం తలుపు అవతల, మాస్కులో, ఆయా మరియమ్మ
పిల్లని ఎత్తుకుంది.
"ఇచ్చేశాను" అంది అత్త, మూడుసార్లు.
"తీసుకున్నాను" అంది మరియమ్మ, మెళ్లో సిలువ ముట్టుకుని.
తవుడు లోపలికి పోబోతుంటే సిస్టరు ఎగిరింది:
"కౌంట్ లేని పిల్ల! ఆ దుమ్మేంటి? బయటికి!"
అలా ఇవ్వడం అయింది.
కొనుక్కోవడం కాలేదు.

పక్క మంచం, పాడేరు బుడ్డోడిది,
ఒక సోమవారం దుప్పటి మార్చి ఉంది.
వాళ్లమ్మ మరిచిపోయిన స్టీలు గ్లాసు మా ఇంట్లోనే ఉంది.
దాంతో తాగం. ఎవరికీ ఇవ్వం.
"వాడికెవరూ తవుడు తేలేదు" అని అత్త అంటే
నోరు ముయ్యమన్నాను,
కోడలినై వచ్చాక అదే మొదటిసారి.

నడక ఆ వార్డులోనే వచ్చింది,
సెలైన్ స్టాండు పట్టుకుని.
చక్రాలు ఎటు పోతే పిల్ల అటు.

ఇప్పుడు నాలుగో ఏడు. మాత్రలు ఆగి ఆర్నెల్లు.
జుత్తు రింగులు తిరిగి వచ్చింది, మా రెండిళ్లలో ఎవరికీ లేనిది.
సాయంత్రం పడవల మధ్య ఇసుకలో
పేరు అడిగితే "తవితమ్మ" అంటుంది, గట్టిగా.
నా అరచెయ్యి మాత్రం ఇప్పటికీ
చెప్పకుండా దాని నుదుటి మీదికి పోతుంది.
టాలీ పుస్తకం ఆఖరి పేజీలో నాలుగు గీతలున్నాయి.
అడ్డగీత వెయ్యలేదాయన. ఎందుకో నేనడగలేదు.

మొన్న చెకప్‌కి కిలో తవుడు పట్టుకెళ్లాం.
మరియమ్మ సంచి విప్పి, వాసన చూసి, మళ్లీ ముడేసింది.
"బాకీ ఉండనీండమ్మా.
నా పిల్లని లెక్కలో ఉన్నన్నాళ్లూ
ఆ వచ్చేవాడు మా ఇంటికే వస్తాడు.
నాకు అరవై దాటాయి, ఫర్వాలేదు."

అత్త ఏదో అనబోయి కళ్లజోడు తుడుచుకుంది.
ఈలోగా మా పిల్ల, ఆవిడ పిల్ల,
మూలనున్న ఖాళీ స్టాండు లాక్కుని
వరండా పొడుగునా తోసుకుంటూ పోయింది,
చక్రాలు దాని మాట వింటున్నాయి.