మేకల కొట్టంల మౌనం

బర్కా పొయ్యే తొవ్వల పెట్రోల్ పంపు దాటినంక
ఖర్జూరం తోటల నడుమ ఆకుపచ్చ ఇనుప గేటు.
బోర్డు ఇంకా రాయించలేదు.
ఆశ్రమం అంటే నవ్వొచ్చింది నాకు పోయిన నెల.
ఒక రేకుల కొట్టం, రెండు గదులు, ఉప్పునీళ్ళ బోరు.
నేనొచ్చింది ఏసీ బిగియ్యనీకి.
పాత మిషిన్, టన్నున్నర. గ్యారంటీ ఇయ్యనని ముందే చెప్పిన.
తాయారమ్మ నర్సు పైసలు లెక్కబెట్టి చేతుల పెట్టి
చాయ పోసి
"శుక్రవారం నువ్వూ రా నాయనా" అన్నది.
పైసలిచ్చి పిలిచినోళ్ళను ఇదే సూసుడు.

ముప్పైయేడుగురం.
రువీ గదులకెల్లి కొందరు, సోహార్ షెడ్లకెల్లి కొందరు.
రాయచోటి గంగులమ్మ మూడు వారాలు బతిమాలితే
మేడమ్ ఇచ్చిన సెలవు, మడత ఇప్పని చీర.
ఓదెలు మేస్త్రీ గోళ్ళ సందుల ఇంకా సిమెంటు.

ఫోన్లన్నీ బాస్మతి సంచిల ఏసి మూతి కట్టిండ్రు.
కట్టినంక గూడ లోపల ఏదో ఒకటి
గుర్రుమంటనే ఉన్నది.
ఎవ్వలదో తెల్వదు.
ముప్పైయేడు మంది మొఖాలల్ల "నాదే" అని రాసున్నది.

రెండు రోజులు మాట్లాడొద్దు, గంట కొట్టేదాంక లెవ్వొద్దు.
మాట్లాడకపోవుడు మాకేం కొత్తనా?
పన్నెండేండ్లాయె
ఎస్ సార్, ఖలాస్, మాఫీ ముష్కిల్
గీ మూడింటి మీదనే సంసారం నడుపుతున్న.

కండ్లు మూసిన.
దేవుని కంటె ముందుగాల మేకల వాసనొచ్చింది.
మూడుసార్లు ఫినాయిలు పోసి కడిగిండ్రు,
ఊదుబత్తీలు కట్టలకు కట్టలు కాల్చిండ్రు.
నేల కింది నుంచి ఎక్కొస్తనే ఉన్నది.
ఊపిరి మీద మనసు పెట్టుమన్నరు.
నేను కంప్రెసర్ ఊపిరి వింటున్న,
అది జెర ఎగపోస్తున్నది.
ఇంకో గంట, అనుకున్న.
అర్ధగంటకే ఆగింది.

మిషిన్ ఆగితే లేసి ఉరుకుడే నా పుట్టుక.
సగం రాత్రి లేసిన, బువ్వ మీద లేసిన,
అవ్వ పోయిందని కబురొచ్చిన పొద్దు గూడ
సలాలాల ఒక ఫ్రీజర్ కాడికి ఉరికిన.
గా పొద్దు లెవ్వలే.
మోకాళ్ళు వాటంతటవే లేస్తనంటె
రెండు చేతులతోటి ఒత్తి పట్టుకున్న.
చెమట ముక్కు కొసకొచ్చి, ఆగి, రాలింది.
ఎవ్వలో పోయి తలుపు తెరిచిండ్రు.

గా తలుపుల నుంచే వచ్చింది మేక.
పొద్దుగూకే యాళ్ళ, తెల్లది, ఒక కొమ్ము ఇరిగింది.
వరుసల నడుమ సందు సూసుకుంట
ఎవ్వల కాలూ తొక్కకుంట
సీదా పోయి ఓదెలు ముంగట నిలవడ్డది.
అది దాని మూల.
ఓదెలు ఒక కన్ను తెరిచిండు.
మూరెడు జరిగిండు.
మేక పండుకొని నెమరేసుడు మొదలుపెట్టింది.
కొట్టం నిండ గా ఒక్కటే సప్పుడు.
నా మనసు దాని దవడ ఎనుక పోయి
ఎన్నడు నిలిచిందో నాకే తెల్వదు.

ఎతుక్కుంట వచ్చిండు తోట ఆసామి, ముసలి ఖల్ఫాన్.
పిలుద్దామని నోరు తెరిచి
మమ్ముల సూసి, అట్లనే మూసిండు.
గడప అవుతల చెప్పులిడిసి
కట్టె ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు.

గంట కొట్టినంక
"యల్లా" అన్నడు మెల్లగ, మేకతోటి.
మొత్తం రోజుల గదొక్కటే మాట.
అది లెవ్వలే.
పోనీ అన్నట్టు చెయ్యి ఊపి ఆయనొక్కడే పోయిండు.

శుక్రవారం దుకాణాలు బందు.
తెల్లారి పోయి కెపాసిటర్ తెచ్చి ఏసిన.
రెండున్నర రియాలు, అడగలే.
సల్లగాలి రాంగనే తలుపు మూద్దామని పోతె
ఓదెలు అడ్డమొచ్చిండు.
నోరిప్పలే. మూల దిక్కు ఏలు సూపిచ్చి
రెండు చేతులు నెత్తి మీద కొమ్ముల లెక్క పెట్టిండు.

కరెంటు బిల్లు ఎవ్వలు కడ్తరో?
తాయారమ్మను అడగాలె,
రేపు, మాట్లాడొచ్చన్నంక.