మూడో తొట్టి మూల

లెటర్‌బాక్స్ ఆటంటే
ఎర్ర డబ్బా అనుకున్నాను.
ముప్ఫై ఒక్కేళ్ళు భీమిలి పోస్టాఫీసులో
తేదీ ముద్ర కొట్టిన చెయ్యి మరి,
ఇంకేం అనుకుంటుంది?

"అది కాదత్తా, దాచిపెట్టిన డబ్బా.
అందులో ఒక ముద్ర, ఒక పుస్తకం.
వాళ్ళ ముద్ర మన పుస్తకంలో, మనది వాళ్ళ దాంట్లో.
బంగారం గట్రా ఏం ఉండదు"
అంది హిమజ,
ముందే చెప్పేస్తే మంచిదన్నట్టు.

తగరపువలస దాటాక ఆటో దిగాం.
గోస్తనిలో ఆ వారం ఇసుకే పారుతోంది.
నీలిమందు దొడ్డి అంటారు గానీ
నీలం చుక్కయినా లేదు.
పెచ్చులూడిన సున్నం, వరసగా ఐదు తొట్లు,
తొట్టి నిండా తుమ్మముళ్ళు,
ఎవరిదో తెగిన చెప్పు.
మొలలోతు నీళ్ళలో నిలబడి
నానిన ఆకుని తెడ్లతో చిలికేవారట ఇక్కడ,
ఇంటికెళితే పెంచిన కుక్క కూడా మొరిగేంత కంపట.
బోర్డు మీద ఆ సంగతి లేదు.
దొర పేరుంది, రెండు తేదీలున్నాయి.

హిమజ కాగితం చదివింది:
"మూడో తొట్టి మూల నిలబడు,
సముద్రపు గాలికి వీపు పెట్టు,
ఇరవై ఏడు చెప్పులు నడు,
నీళ్ళు మరిచిపోయిన తూముని పలకరించు."

ఎవరి చెప్పులు?
నా ఇరవై ఏడు గోడ అవతల పడ్డాయి,
దాని ఇరవై ఏడు మేకపెంటికల్లో.
ఎండలో కాసేపు పోట్లాడుకున్నాం.

ఆ మేకల వెనకే అప్పలకొండ వచ్చింది.
"ఏటమ్మా, ఆ డబ్బా కోసమేనా?
అలగెల్తే దొరకదు."
కర్రతో తూము నోరు చూపించింది.
వానకి తడవకుండా
పైన పెంకు కప్పింది కూడా తనే.

టిఫిను డబ్బా. పాలిథిన్ సంచి. కొన్ని చీమలు.
పుస్తకంలో తాబేలు ముద్ర, పడవ ముద్ర,
బంగాళాదుంప చెక్కి చేసిన వంకర సూర్యుడు.
ప్రతి పేజీ అడుగునా
ఒకే బొటనవేలు, నీలంగా.

"అందరూ ఏత్తన్నారు కదాని
నానూ ఏసినాను. తప్పా?"

పింఛను రోజుల్లో
ఎన్ని బొటనవేళ్ళు పట్టుకుని నొక్కానో.
తల ఎత్తకుండానే.
సిరా తుడుచుకోమని గోడ చూపించేదాన్ని,
గోడంతా నీలి మరకలు,
ఏటా సున్నం వేయించేవాళ్ళం.
ఈ దొడ్డి పద్దుల్లోనూ ఉండే ఉంటాయి
అప్పు పక్కన ఇలాంటివి.
ఎవరు సున్నం వేశారో వాటికి.

తప్పు కాదని చెప్పడానికి
నాకు నోరు పెగిలేలోపే
హిమజ మా పుస్తకం తెరిచి పట్టుకుంది:
"మామ్మా, ముందు నీది.
డబ్బాది తర్వాత."

అప్పలకొండ వేలు కొంగుకి తుడుచుకుని,
సిరా దిండుకి అద్ది,
గట్టిగా, కాస్త పక్కకి జరిగేలా, వేసింది.
నేను చెయ్యి పట్టుకోలేదు.

ఇంతలో కాగితం మేకకి దొరికింది.
లాక్కునేసరికి
మిగిలింది రెండే మాటలు:
నీళ్ళు మరిచిపోయిన